గుమ్మంలో కూర్చున్న ఏనుగు

వెనకటికొక రాజ్యాన్ని రణభూషణుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు శాఖల పిచ్చి. ఏ పని కనబడినా రెండుగా చీల్చి, చెరొక మంత్రిని పెట్టేవాడు. తలుపులు తెరవడానికొక శాఖ, మూయడానికి మరొకటి. అలా నూట ఎనిమిది శాఖలయ్యాయి.

"ఇంత చక్కటి పాలన దేవేంద్రుడికైనా ఉందా?" అని మీసం దువ్వుకునేవాడు.

ఆ పాలనలో చెంగలువ అనే పట్టపుటేనుగు మూడు రోజులు పస్తులుంది. మావటి పోలయ్య ఆకుల శాఖకు పోతే, "కొమ్మకు అంటుకున్నవి మేమివ్వం" అన్నారు. కొమ్మల శాఖవారు, "ఆకులు దులిపించుకుని రా" అన్నారు. మేత మంత్రి, "తొండం అందుకునేదాకే నా అధికారం. మింగాక అరుగుదల శాఖది. వారి సమ్మతి తే" అన్నాడు. ఏనుగు డొక్కలు చూసి పోలయ్యకు కన్నీళ్లాగలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం సభ ముగిసే వేళకు, అతను చెంగలువను తెచ్చి సభామంటపానికున్న ఒకే ఒక్క గుమ్మంలో కూర్చోబెట్టాడు. ముందు సగం లోపల, వెనక సగం వీధిలో.

రాజుకు భోజనవేళ. "ఓరీ, ఏనుగును తప్పించు!" అని గద్దించాడు.

"చిత్తం మహాప్రభో! ఏ శాఖవారి ఉత్తర్వు మీద?"

సభామంత్రి లేచాడు. "లోపలి సగం నాదే ప్రభూ. కానీ వెనక్కి నెడితే వీధిలో పడుతుంది. వీధుల మంత్రి ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటాను," అన్నాడు వీధుల మంత్రి. "కానీ ముద్ర వేయాలి. ముద్ర కచేరీలో ఉంది. కచేరీ ఏనుగుకు అవతల ఉంది."

ఇంతలో వంటవాడు బయటినుంచి కేకేశాడు. "పులిహోర తెచ్చాను ప్రభూ! నాది వంట శాఖ, అందించకూడదు. వడ్డన శాఖవారు లోపలే చిక్కుకున్నారు!"

జాము గడిచింది. రాజు కడుపు పట్టుకుని, "పోలయ్యా, ప్రాణం పోయేలా ఉందిరా!" అన్నాడు.

"తమకు ఒక్క పూట తప్పింది ప్రభూ. చెంగలువ తిని మూడు రోజులైంది. దాని కడుపులో ఉన్నది ఒకటే శాఖ, ఆకలి."

రాజు ఏనుగును తేరిపార చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఏం చేస్తే లేస్తుంది?"

"మేత చూపిస్తే."

"ఎవరక్కడ! చెరకు తెండి! ఏ శాఖనూ అడగక్కర్లేదు!" అని రాజే గొంతెత్తి అరిచాడు. వీధిలో బండెడు చెరకు దిగింది. వాసన తగలగానే చెంగలువ లేచి వెనక్కి నడిచింది. అది గుమ్మం వదలగానే రాజు అక్కడే నిలబడి పులిహోర తింటూ, పొలమారేదాకా నవ్వాడు.

శాఖలు ఎనిమిదికి తగ్గాయి. పోలయ్య చేతికి బంగారు కడియం, గజశాల మొత్తం మీద అధికారం దక్కాయి. పదవులు పోయిన నూరుగురు మంత్రులూ ఆ సాయంత్రం వరసగా నిలబడి, ఒకరి చేతినుంచి ఒకరు అందుకుంటూ, చెంగలువకు చెరకు గడలు అందించారు.