ఏరని గింజల తల్లి: దూదివలస కేళమ్మవలస అయిన కథ

ఎర్రమెట్ట మలుపులో బస్సు దిగితే కుడివైపు జీడిమామిడి తోట, దాని పక్కనుంచి పైకి పద్దెనిమిది మెట్లు కనిపిస్తాయి. మెట్లెక్కితే కేళమ్మ తల్లి సన్నిధి. గోపురం కోసం వెతకవద్దు, లేదు. నడుమెత్తు రాయి, రాతికి పసుపు, పైన తాటాకు పందిరి, అంతే. రాతి వెనక ఊటనీరు నిలిచే చిన్న పల్లం ఉంది. అందులో ఎర్రకంకి, నల్లకంకి, మీసాల కంకి, జానెడు పైరు, నిలువెత్తు పైరు అన్నీ కలిసి పెరుగుతాయి. కప్పలూ తూనీగలూ గిజిగాళ్ళూ అక్కడే కాపురం. ఆ పల్లంలో ఎవరూ కలుపు తీయరు, మందు కొట్టరు.

కొత్తగా వచ్చే భక్తులకు ముందే ఒక మాట. అమ్మకు సన్నబియ్యం తేవద్దు. పట్నం నుంచి మేలురకం బియ్యం మోసుకొచ్చి, పూజారమ్మ తిప్పి పంపితే ముఖం చిన్నబుచ్చుకునేవారిని ఏటా చూస్తూనే ఉన్నాం. ఆమెమీద కోపం తెచ్చుకోకండి. ఈ చిన్న పుస్తకం చదివాక కూడా కోపం తగ్గకపోతే, అప్పుడు రాసిన నన్ను తిట్టండి, పడతాను.

పూర్వం ఇక్కడి ఊరి పేరు దూదివలస. అమ్మకు అప్పట్లో వేరే పేరు లేదు, మెట్టమీది తల్లి అనేవారు. ఊళ్ళో ఇంటికో రకం వరి పండేది. పల్లపు మడికి ఒకటి, మెరక మడికి ఒకటి, అటుకులకు ఒకటి, బాలింతకు వండి పెట్టడానికి మరొకటి. కోతలప్పుడు ప్రతి ఇంటినుంచీ మొదట కోసి కట్టిన వరిపన తెచ్చి అమ్మ ముందు పెట్టడం ఆచారం.

ఊరిపెద్ద గవరయ్య. మంచివాడే గాని, చేలో చిన్న వంక కనబడినా ఆయనకు అన్నం సహించేది కాదు. ఒకసారి అల్లుడి ఊరినుంచి తెల్లకుసుమ అనే విత్తనం తెచ్చాడు. మల్లెమొగ్గల్లాంటి బియ్యం. ఊరంతా ముచ్చటపడింది. నాలుగేళ్ళు తిరిగేసరికి దూదివలసలో తెల్లకుసుమ తప్ప మరో వరి లేకుండా పోయింది. ఒక పైరు మధ్య తలెత్తే వేరే రకం మొక్కల్ని రైతులు కేళీలంటారు. పాత రకం ఎక్కడైనా కేళీగా మొలిస్తే గవరయ్యకు పరువు పోయినట్టుండేది. కంకి ముదిరే వేళకు గట్టుమీద నిలబడి ఒక్కటీ వదలకుండా పీకించేవాడు.

పీకినవి ఎక్కడ పారేయాలి? గట్టున వేస్తే గింజ రాలి మళ్ళీ మొలుస్తుంది. అప్పుడు గవరయ్యకు గొప్ప ఉపాయం తట్టింది. ఎంత గొప్పదో మీరే చూడండి.

"ఎలాగూ అమ్మకి మొదటి పన ఇవ్వాల గదా. ఈ కేళీలే కట్టి ఇచ్చీండి. తల్లికి ఎర్రదేటి, తెల్లదేటి?" అన్నాడు.

చేలో చెత్త పోయింది, మంచి పన ఇంట్లో మిగిలింది. ఊరంతా అదే పద్ధతి పట్టింది. అమ్మ రాతిని కనిపెట్టుకుని ఉండే దాలమ్మ ఒక్కతే నోరు చేసుకుంది. "అమ్మకి పెడతన్నారా, పెంట మీద పోస్తన్నారా?" అని అడిగింది. ఎవరూ వినిపించుకోలేదు. ఏం చేస్తుంది, పిట్టలైనా తింటాయని ఆ పనలన్నీ రాతి వెనక ఊటపల్లంలో పరిచేది.

ఒక కార్తికంలో మంచు విపరీతంగా కురిసింది. తెల్లకుసుమకు అగ్గితెగులు తగిలింది. ఆకులమీద మచ్చలు లేచాయి, కంకుల మెడలు నల్లబడి విరిగాయి. ఊరంతా ఒకటే పైరు కావడంతో మడి నుంచి మడికి పాకడానికి తెగులుకు అడ్డేమీ లేకపోయింది. దక్కిన అరకొర గింజల్నే మరుసటి ఏడు చల్లారు. మళ్ళీ అదే తెగులు. ఈసారి విత్తనానికి కూడా గింజ దక్కలేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ ఇక్కడి విత్తనమే పట్టుకుపోయారు గనుక చెయ్యిచాచి అడగడానికి ఎవరూ లేరు.

ఊరు వదిలి పోదామని అందరూ తీర్మానించారు. గవరయ్య కోడలు నీలమ్మకు అప్పుడు తొమ్మిదో నెల. "ఈ కడుపుతో బండెక్కి ఎక్కడికి రాను మామా? దారిలో బిడ్డకేటైనా అయితే?" అని ఏడ్చింది. గవరయ్య కండువాతో ముఖం కప్పుకున్నాడు. ఊరిచేత పాత విత్తనాలు వదిలించింది తానే కదా.

మర్నాడు బళ్ళు కట్టాలనగా, పొద్దున్నే అసిరయ్య అనే మేకల కాపరి మంద నుంచి ఒక మేక తప్పిపోయింది. వెతుక్కుంటూ మెట్టెక్కి రాతి వెనక్కు వెళితే, అది తీరుబడిగా వరికంకి నములుతోంది. పల్లం నిండా వరి! కొన్ని మొక్కలు తెగులుకు మాడిపోయాయి, నిజమే. కానీ ఎర్రవీ, మీసాలవీ నిక్షేపంగా పండి గింజ బరువుకు వంగి ఉన్నాయి. నల్లవి ఇంకా పాలుపోసుకుంటున్నాయి. అసిరయ్య మేకనక్కడే వదిలేసి, "అమ్మ యెనకాల వరి ఉందర్రా!" అని అరుస్తూ ఊళ్ళోకి పరుగెత్తాడు.

గవరయ్య వచ్చాడు. ఒక్కో కంకినీ పట్టి చూశాడు. "ఇది నాను పీకించిందే. ఓలమ్మో, ఇదీ నాను పీకించిందే" అంటూ కూలబడ్డాడు. కోయడానికి చెయ్యి రాలేదు. ఎంగిలి విసిరినట్టు విసిరిన దాన్ని ఏ ముఖం పెట్టుకుని తిరిగి అడుగుతాడు? సిగ్గుతో రాతి ముందు సాగిలపడ్డవాడు, రెండ్రోజులుగా తిండీ నిద్రా లేనందువల్ల, మిట్టమధ్యాహ్నపు ఎండలో అలాగే కునుకు తీశాడు. కలలో అమ్మ కనిపించింది. కొంగు నడుముకు దోపుకుని, అచ్చం కోతకొచ్చిన ముసలమ్మలా ఉంది.

"ఏటిరా గవరా, నాకు పారేసిందే నీకు కావలసొచ్చిందా?" అని నవ్వింది. గవరయ్య అమ్మ కాళ్ళు పట్టుకున్నాడు.

"పట్టుకెళ్ళు. నీ కోడలి ముఖం చూసి ఇస్తన్నాను. ఏరావంటే మాత్రం ఊరుకోను. ఎర్రదీ నల్లదీ, పొట్టిదీ పొడుగుదీ అన్నీ తీసుకో. ఏటేటా నీ చేలో నీకు నచ్చనిదే నాకు తెచ్చియ్యి. నాను దాస్తాను."

గవరయ్య లేచి చెప్పిన అమ్మ మాట విని ఊరు ఊరంతా హమ్మయ్య అనుకుంది. బళ్ళకెక్కించిన సామాను దించారు. ఆ వారంలోనే నీలమ్మ తన ఇంట్లోనే, తన మంచం మీదనే ఆడపిల్లను కన్నది. పండినవి పండినట్టు కోసి, ఇంటికో దోసెడు విత్తనం పంచుకుని, ఆ ఏడాది చోడి అంబలితో, కొండ దుంపలతో గడిపారు. వాన పడ్డాక అన్ని రకాలూ కలిపి చల్లారు. ముందు బెట్ట పట్టి ఒక రకం ఎండింది. తర్వాత తెగులొచ్చి మరొకటి పోయింది. మిగిలినవి పండాయి. గాదెలు నిండలేదు గాని విత్తనం కట్టుకోగా ప్రతి ఇంట్లోనూ అన్నం ఉడికింది. గవరయ్య తన చేత్తో మొదటి ముద్ద కోడలికి పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. ఆనాటినుంచి అమ్మ కేళమ్మ, ఊరు కేళమ్మవలస.

నేటికీ కోతలు కాగానే రైతులు తమ చేలల్లో మొలిచిన కేళీ కంకుల్ని తలమీద పెట్టుకుని ఊరేగింపుగా వస్తారు. వాటిని పల్లంలో పరిచి, విత్తనం కోరినవారికి పూజారమ్మ గున్నమ్మ దోసెడు గింజలు కొంగులో పోస్తుంది. ఏరడం నిషిద్ధం. ప్రసాదం అన్నంలో ఒక గింజ మెత్తగా, ఒక గింజ పలుకుగా తగులుతుంది, సరిగా ఉడకలేదని వంటవాళ్ళమీద విరుచుకుపడకండి. ఇక్కడ మొక్కుకుంటే బంగారం పండుతుందని మేము రాయం. అమ్మ గింజ ఉన్న ఇంట్లో విత్తులవేళ గాదె ఊడ్చుకోవలసిన గతి పట్టదు, అంతవరకు మా పూచీ.

మొన్నటి వరదల్లో పొరుగూరి తవిటయ్య చేను తొమ్మిది రోజులు నీళ్ళలో ఉండిపోయింది. అంతా కుళ్ళిపోగా, గట్టువార అమ్మ గింజలు చల్లిన చారెడు మేర మాత్రం నిలిచింది. మరుసటి కోతకు ఆయన చేలోకెల్లా మంచి పన కట్టి, కళ్ళనీళ్ళతో తెచ్చి రాతి ముందు పెట్టాడు.

గున్నమ్మ దాన్ని తీసి ఆయన చేతిలోనే పెట్టింది. "ఇది ఇంటికి పట్టుకెళ్ళి వండుకో బాబూ. నీకు గిట్టనిదేటైనా మొలిచిందా?"

"ఒక నల్లది మొలిచిందమ్మా. పొట్టిది, గింజా తక్కువే. రేపు పీకీసి గేదెకి ఏద్దామనుకున్నాను."

"వెళ్ళి తీసుకురా" అంది గున్నమ్మ. "అమ్మ దానికోసమే కూచుంది."