గాలికి అంచు తిప్పిన ఇంజను

ఒక విమానానికి నాలుగు ఇంజన్లు. ఎడమ కొసన ఉన్నది వయసులో పెద్దది. అక్కడ దాని మాటే చెల్లాలి. తక్కినవి దాని శ్రుతికే తమ చప్పుడు కలపాలి. కుడి కొసకి కొత్త ఇంజను వచ్చిన ఏడు, బయలుదేరేటప్పుడు కొత్తదాన్ని ముందు తిప్పారు. పెద్దది ఆ సంగతి నేటికీ మరిచిపోలేదు.

ఆ రోజు విమానంలో పంతొమ్మిదిమంది ఉన్నారు. తుఫానులో ఇళ్ళు పోయి, సముద్రం అవతలి దీవికి పోతున్నవాళ్ళు. సముద్రం నడిమధ్యకి వచ్చాక ఎదురుగాలి లేచింది. నడిపేవాడు పెట్రోలు ముల్లు చూశాడు.

"నాలుగూ తాగితే దీవి చేరం. ఒకటి ఆగాలి," అన్నాడు. "పెద్దాయనా, తాగేది నువ్వే ఎక్కువ."

"నేనా? ఆ నిన్నగాక మొన్న వచ్చినదాన్ని ఆపు!"

ఆపింది పెద్దదాన్నే. లోపలి మంట ఆరింది. ఆగిన ఇంజను తన పంకా రేకుల్ని గాలికి అంచుగా తిప్పుకోవాలి, గాలి ఒరుసుకుంటూ పక్కనుంచి పోయేలా. అది పద్ధతి. పెద్దది తిప్పుకోలేదు. రేకులు వెడల్పుగా పెట్టి, రొమ్ము విరుచుకుని గాలికి ఎదురు నిలబడింది. గాలే దాన్ని గిరగిరా తిప్పింది. చూసేవాళ్ళకి పని చేస్తున్నట్టే ఉంది. దానికి కావలసిందీ అదే.

విమానం ఎడమకి ఈడ్చుకుపోసాగింది. మిగతా మూడూ రొప్పుతున్నాయి.

"తాతా, పని చెయ్యకపోతే పోనీ, వేలాడకు," అంది కొత్తది. "ఆగి కూడా మమ్మల్ని వెనక్కి లాగుతున్నావు."

"తాతా గీతా అనకు. నీకూ నాకూ చుట్టరికం లేదు."

"లేదులే. నీళ్ళలో పడ్డాక కలుపుకుందాం."

లోపల బిడ్డనెత్తుకున్న ఒక తల్లి కిటికీలోంచి చూసి పక్కనావిడతో అంది: "ఇటువైపుది ఎంత జోరుగా తిరుగుతోందో చూడు వదినా. ఇదున్నంతవరకూ మనకేం భయం లేదు."

పెద్దది ఆ మాట విన్నది. అంత పొగడ్త దానికి ఎన్నడూ దక్కలేదు. ఆ పొగడ్తే దాన్ని కోసింది.

బిగుసుకున్న రేకుల్ని నెమ్మదిగా, ఒక్కొక్క వేలెడే, అంచుకి తిప్పుకుంది. కదలకుండా నిలిచిపోయింది.

"అయ్యో, ఇది చచ్చిపోయింది!" అని ఆ తల్లి బావురుమంది. పెద్దది ఆ మాటా పడింది.

పొద్దు వాలకముందే దీవి తగిలింది. దిగినవాళ్ళు మూడు ఇంజన్లకీ దణ్ణం పెట్టి, నాలుగోదాన్ని తప్పుకుని నడిచారు. నడిపేవాడు నిచ్చెన వేసుకుని వచ్చి, దాని రేకుల్ని మళ్ళీ గాలివైపు తిప్పబోయాడు.

"కాసేపు ఇలాగే ఉండనీ," అంది పెద్దది. "ఇన్నేళ్ళు ఈ సముద్రం మీద తిరిగాను. దీనికీ ఒక చప్పుడుంటుందని ఇవాళే తెలిసింది."