గవరయ్య మోటారు, నూతి తాబేలు

అనగనగా అన్నానని ఏ రాజుల కాలమో అనుకునేరు! పొలాల్లోకి కరెంటు మోటార్లు వచ్చాక జరిగిన కథే ఇది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఒక మెట్ట ఊళ్ళో పక్కపక్కనే రెండు పామాయిల్ తోటలుండేవి. ఒకటి గవరయ్యది, రెండోది మంగతాయారుది. వాటిని ఆనుకునే ఊరంతా తాగే నుయ్యి. నీళ్ళు శుభ్రంగా ఉంటాయని పెద్దవాళ్ళు అందులో ఒక తాబేలును వదిలారు.

గవరయ్య తన బోరు మోటారుకు ఆటో స్టార్టరు బిగించాడు. కరెంటు వస్తే చాలు, మనిషి లేకపోయినా మోటారు దానంతటదే తిరిగేది. పాదులు నిండి, గట్లు తెగి, నీళ్ళు బండ్ల బాట పట్టేవి. ఆ మహానుభావుడు మాత్రం ఇంట్లో గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. పైగా నరికిన మట్టలన్నీ పోగేసి తగలబెట్టేవాడు. తోట అద్దంలా ఉండాలట!

మంగతాయారు మట్టల్ని చెట్ల మొదళ్ళ చుట్టూ పరిచేది. వాటి కింద నేల ఎండల్లోనూ చెమ్మగా ఉండేది. డ్రిప్పు గొట్టాలతో బొట్టుబొట్టుగానే నీళ్ళు పెట్టేది. గుప్పెడు మట్టి పిసికి చూసి, తడి చాలనిపిస్తే మోటారు కట్టేసేది.

"చెత్తంతా తోటలోనే పెట్టుకున్నావేంటి, మంగతాయారూ?" అని గవరయ్య ఎగతాళి చేసేవాడు.

"నా చెత్త సంగతి నేను చూసుకుంటాలే. ముందు నీ మోటారు కట్టెయ్యి" అనేది ఆమె.

ఎండలు ముదిరాయి. ఒకనాడు తాబేలు బొక్కెనలోకి ఎక్కి పైకొచ్చి, గవరయ్య దగ్గరికి నడిచింది.

"గవరయ్యా, నూతిలో నీళ్ళు రెండు సిమెంటు వరల లోతుకు దిగిపోయాయి. నీకు పుణ్యముంటుంది, మోటారు కట్టెయ్యి."

"నా పొలం, నా బోరు, నా నీళ్ళు! మధ్యలో నీకేంటి నొప్పి?"

విన్నారా ఆ మాట? నేల కింద నీళ్ళు ఆయనగారి తాతలు పోసి దాచారు కాబోలు!

అంతటితో ఆగాడా? ఇంకా లోతుకు మరో బోరు వేయించాడు. నూతిలో బురద తేలింది. ఆడవాళ్ళు ఆ బురదనీళ్ళే తోడి, గుడ్డలో వడకట్టుకున్నారు.

తాబేలు రెండోసారి వెళ్ళింది. "అయ్యా, పసిపిల్లలు బురద తాగుతున్నారు" అంది.

గవరయ్య దాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు. వెల్లకిలా పడి కొట్టుకుంటుంటే మంగతాయారు పరుగున వచ్చి తిరగేసింది.

"తాగే నీళ్ళ కోసం వచ్చిన జీవాన్ని తంతావా? తిన్నది ఎలా అరుగుతుందయ్యా నీకు?" అని దులిపేసింది. అతను దులుపుకుని పోయాడు.

మూడోసారి తాబేలు ఒట్టి బొక్కెనలో పైకొచ్చింది. నుయ్యి ఎండిపోయింది. ఈసారి అది గవరయ్య గడప తొక్కలేదు. మంగతాయారు దగ్గరికి వెళ్ళింది. వెనకాలే ఊరు ఊరంతా ఖాళీ బిందెలతో నడిచింది.

మంగతాయారు బోరులోనూ నీళ్ళు అంతంతమాత్రమే. అయినా డ్రిప్పు కట్టేసి, పైపు ఊరివైపు తిప్పింది.

"చెట్లు ఓర్చుకుంటాయి. పిల్లలు ఓర్చుకోలేరు" అంది.

ఆ ఏడు వాన పడలేదు. మరుసటేడూ మొహం చాటేసింది. మట్టల కింది చెమ్మతో ఆమె చెట్లు నిలబడ్డాయి. గవరయ్య బోర్లు రెండూ ఇసక కక్కాయి. నీళ్ళు చాలకపోతే పామాయిల్ చెట్టు గెలలు మానేసి మగపూలు వేస్తుంది. అతని తోటలో ఎటు చూసినా మగపూలే!

అప్పుడు గవరయ్య పొడుగాటి పైపు భుజాన వేసుకుని వచ్చాడు.

"అక్కా, తోట చచ్చిపోతోంది. ఒక్క తడి పెట్టుకోనీ."

మంగతాయారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "తాగడానికి బిందె తెచ్చుకో, పోస్తాను. నీ ఇంట్లోనూ పిల్లలున్నారు. పైపుతో మాత్రం నా గుమ్మం తొక్కకు! ఊరి గొంతు ఎండగట్టిన తోటకు ఇక్కడ చుక్క కూడా లేదు."

గవరయ్య పైపు కింద పడేశాడు. ఇంటికెళ్ళి బిందె తెచ్చుకుని, వరసలో చివర నిలబడ్డాడు. ఎవరూ జరిగి చోటివ్వలేదు. అతని తోట నిలువునా ఎండిపోయింది.

నీతి: బోరు ఎవరు వేసినా నేల కింది నీళ్ళు అందరివీ, తోట తడిపే ముందు ఊరి గొంతు తడవాలి.