నాటే వేళ చెప్పని దాలమ్మ తల్లి

వెదురుకొండ కనుమ దారిలో సగం ఎక్కాక, బస్సు ఆగే మలుపు పక్కనే శ్రీ దాలమ్మ తల్లి గుడి కనిపిస్తుంది. గుడి చిన్నది. అమ్మవారిది చెక్కిన విగ్రహం కాదు, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న మనిషిలా ఉండే నల్లరాయి. తల్లి ముఖం భక్తుల వైపు కాక, దూరంగా కనిపించే మైదానం వైపు తిరిగి ఉంటుంది. వైశాఖం నుంచి ఆషాఢం దాకా అల్లం వేసే రైతులు విత్తనపు దుంపలు గంపలకెత్తుకుని ఇక్కడికి వస్తారు. కొత్తగా వచ్చినవారు కొందరు పంచాంగం కూడా చంకన పెట్టుకొచ్చి, ఏ రోజున నాటితే కలిసివస్తుందో చెప్పమని పూజారిగారి ప్రాణం తీస్తారు. ఎంత అడిగినా ఈ గుడిలో ఆ ఒక్కటి చెప్పరు.

పూర్వం ఇక్కడ నడిమివలస అనే పల్లె ఉండేది. ఆ పల్లెలో అల్లం పండించుకుని బతికే సూరమ్మకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది దాలమ్మ, చిన్నది ఎరకమ్మ. ఏటా వైశాఖ పున్నమినాడు ముగ్గురూ కలిసి నాట్లు వేసేవారు. దాలమ్మ బోదె తీస్తే, ఎరకమ్మ మొలక పైకి ఉండేలా దుంప పెట్టి, మన్ను సర్ది, ఆకు కప్పేది. ఈడు వచ్చాక పెద్దదాన్ని కొండ పైనున్న మంచువలసకూ, చిన్నదాన్ని సముద్రం దగ్గరి ఇసకపాలేనికీ ఇచ్చారు. కన్నుమూసే ముందు సూరమ్మ ఇద్దరినీ పిలిపించి, ఇంట్లో ఉన్న విత్తనం రెండు గంపలుగా పంచింది. "ఎక్కడున్నా పున్నమినాడే నాటండమ్మా. ఆ పూటైనా ఒకల్నొకలు తలుసుకుంటారు" అంది. ఇద్దరూ ఆ దుంపల మీద చేయి వేసి ఒట్టు పెట్టుకున్నారు.

పాపం, తల్లి చెప్పినది తన పల్లెకు సరిపోయే మాట. కొండ పైన కూడా వైశాఖంలోనే జల్లులు పడి నేల మెత్తబడుతుంది. అప్పుడు నాటకుండా ఆలస్యం చేస్తే, తరువాత పట్టే ముసురుకు దుంప కుళ్ళిపోతుంది. ఇసకపాలెంలో అదే పున్నమికి నేల పెనంలా కాలుతూ ఉంటుంది. మృగశిర కార్తె వచ్చి మంచి వానలు పడితే తప్ప అక్కడ అల్లం బతకదు. ఈ సంగతి దాలమ్మకు తెలియదు. ఆమె ఎన్నడూ కొండ దిగి ఎరగదు.

మొదటి ఏడు ఎరకమ్మ పున్నమినాడే నాటి, సగం విత్తనం పోగొట్టుకుంది. మరుసటి ఏడు, ఉప్పు కావిడి మోస్తూ కొండకూ మైదానానికీ తిరిగే అప్పలసూరి చేత అక్కకు కబురు పంపింది. "అప్పా, ఈపాలి వానలు పడ్డాక నాటుతాను. కోపం పెట్టుకోకు."

దాలమ్మకు కోపమే వచ్చింది. ఆ వేళ తన పెరట్లో జల్లు పడుతూ ఉంది. తన పెరడు తడిస్తే లోకమంతా తడిసిందనుకుంది. చెల్లెలు అత్తవారి గొప్ప చూసుకుని అమ్మను మరిచిపోయిందని తలచింది. "అమ్మ మాట దాటినోళ్ళు నా గడప దాటక్కర్లేదని సెప్పు" అని తిరుగు కబురు పంపింది. అప్పలసూరి అడిగితే తప్ప నోరు విప్పని మనిషి. కింద ఎండలెలా ఉన్నాయని ఆమె అడగలేదు, అతడు చెప్పలేదు.

ఆ మాట విన్న ఎరకమ్మ, భర్త వద్దంటున్నా వినక, పున్నమినాడే మిగిలిన విత్తనం నాటింది. దాన్ని ఎలాగైనా బతికించుకోవాలని ఊరి చివరి చెలమ నుంచి రోజూ బిందెలతో నీళ్ళు మోసింది. రోహిణి కార్తె ఎండలో ఒక మధ్యాహ్నం మడి పక్కనే పడిపోయింది. వడదెబ్బ తగిలిన ఆ ఇల్లాలు మళ్ళీ లేవలేదు.

కబురు అందగానే దాలమ్మ మొదటిసారి కొండ దిగింది. వానలోనే బయలుదేరింది. ఈ మలుపు దగ్గరికి వచ్చేసరికి వాన ఆగిపోయింది. ఇంకా దిగేకొద్దీ కాళ్ళ కింద దుమ్ము, ఆ దుమ్ములో వేడి. చెల్లెలి మడిలో ఆకు తొలగించి తవ్వితే అరచెయ్యి చుర్రుమంది, దుంప ఎండుపుల్లలా ఊడి వచ్చింది.

"మీకాడ వాన పడిందా సెల్లీ అని ఒక్కపాలి అడిగుంటే సరిపోయీది" అంటూ ఆమె అక్కడే కూలబడింది.

ఎరకమ్మ భర్త నిష్ఠూరమాడలేదు. "అది కూడా నిన్నేటీ అన్లేదు వదినా" అన్నాడు. అతడు నాలుగు తిట్టి ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది.

తిరుగుదారిలో దాలమ్మ ఈ మలుపు దాకా వచ్చింది గాని, ఆపైన అడుగు వేయలేకపోయింది. కింది వైపు చూస్తూ కూర్చుండిపోయింది. ఇంటివాళ్ళు వచ్చి ఎంత పిలిచినా లేవలేదు. కొన్నాళ్ళకు అక్కడ ఈ రాయే మిగిలిందని పెద్దలు చెబుతారు. ఆ తరువాత ఆమె అప్పలసూరి కలలోకి వచ్చి, "గుడి కడితే కట్టండి, లేకపోతే మానండి. నాటే రోజు మాత్రం నన్ను అడగొద్దు. రోజు పట్టుకుని పేణం తీసినదాన్ని. ఒచ్చినోళ్ళని నానే అడుగుతాను" అంది.

ఈనాటికీ గంప దించగానే పూజారిగారు తల్లి తరఫున "మీకాడ వాన పడిందా?" అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కొండవారు వైశాఖంలోనే పడిందంటారు, వారి దుంపలకు పసుపు రాసి అప్పుడే ఇచ్చేస్తారు. కాలువ నీళ్ళు ఉన్నవారు ఆ సంగతి చెప్పి ముందే తీసుకువెళ్ళవచ్చు. మిగిలిన మైదానం వారి గంపలను గుడి వెనుక చల్లని ఇసుకలో దాచి, మృగశిర వానలు పడ్డాక రమ్మంటారు. తల్లిని ఇలా సేవించిన ఇంట విత్తనం చెడదనీ, తోబుట్టువుల మధ్య పట్టింపులు తీరుతాయనీ నమ్మకం.

వాన పడలేదన్న ప్రతి మనిషి తల మీదా పూజారిగారు చేయి ఉంచి, "అయితే ఆగమ్మా, తప్పు లేదు" అంటారు. మీసాలు తిరిగిన మగవారికైనా అదే మాట, ఆగమ్మా అనే. ఆ మాట చేరవలసిన మనిషికి చేరలేదు. అందుకని తల్లి వచ్చినవారందరికీ చెప్పిస్తోంది.