నీటి అడుగున బహుపరాకు

సముద్రం మూడు పక్కలా కావలి కాసే వేలాపురి అనే రాజ్యం ఒకటుండేది. ఆ రాజ్యంలో ఒక పడవ కట్టారు. పడవంటే తేలేది కాదు నాయనా, మునిగేది. మునిగి, మూడు నెలల పాటు పైకి రాకుండా నీళ్ళ కిందే తిరిగేది. జలాంతర్గామి అంటారు దాన్ని. మాటే పొడుగనుకుంటే పడవ ఇంకా పొడుగు. ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేసరికి నోట్లో వేసుకున్న వక్క నలిగిపోయేదట.

దాని కడుపులో పన్నెండు అగ్నిబాణాలు నిలువుగా నిలబడి ఉండేవి, అటక మీద ఊరగాయ జాడీలు వరస పెట్టినట్టు. ఒక్కొక్కటి కొబ్బరిచెట్టంత. వదిలితే నీళ్ళు చీల్చుకుని, మబ్బులు చీల్చుకుని, సముద్రం అవతలి దేశంలో పోయి పడతాయి. ఇంతా చేసి, వాటిని ఎన్నడూ వదలకుండా ఉండడానికే చేశారట! ఆ మాట మొదట విన్నప్పుడు నాకు బొత్తిగా అర్థం కాలేదు. విడమరిచి చెప్పాక ఒళ్ళు గగుర్పొడిచింది.

సంగతేమిటంటే, అవతలి తీరంలో ఒక రాజున్నాడు. వంద యుద్ధపు ఓడలున్నాయి. వేలాపురి మీద ఎప్పటినుంచో కన్నేశాడు. ఈ పడవ ఎక్కడుందో తెలిసిందా, ముందు దాన్ని ముంచి తర్వాత ఊళ్ళ మీద పడతాడు. తెలియలేదా, ఏ అల కింద ఏముందోనని గుమ్మం దాటడు. అంటే ఆ దేశంలో పిల్లలు నిశ్చింతగా నిద్రపోవడమంతా ఆ పడవ ఎవరికీ కనబడకపోవడం మీదా, వినబడకపోవడం మీదా ఉందన్నమాట.

దాన్ని కట్టింది వరహాలమ్మ అనే పెద్ద శిల్పి. పద్దెనిమిదేళ్ళు కట్టింది. ఇనుము ఆ దేశపు కొండల్లోదే, అతుకులు వేసిన చేతులూ ఆ దేశపువే. పరదేశం నుంచి ఒక్క మేకు తెప్పించలేదు. వేసిన ప్రతి అతుకు మీదా ఆవిడ చెవి ఆనించి, వేలితో కొట్టి, బిడ్డ గుండె విన్నట్టు వినేదట. ఇలాంటివి నాలుగు కట్టాలని సంకల్పం. ఇది పెద్దక్క. గూఢమకరం అని పేరు పెట్టారు.

దాంట్లో ఎంత నిశ్శబ్దమనుకున్నారు! నావికులు డెబ్బై రెండు మందీ గుడ్డ చెప్పులు వేసుకునేవారు. వంటగదిలో గరిటెలన్నీ కర్రవే. గిన్నెల కింద దుప్పటి. తుమ్మొస్తే తువ్వాలు. ఎందుకంటే నీళ్ళలో చప్పుడు గాలిలో కన్నా వేగంగా, ఆమడల కొద్దీ దూరం పోతుందట. మనకు తెలియని వింతలు దేవుడు ఎన్ని దాచిపెట్టాడో!

పడవ పూర్తయింది. చూడడానికి గజకేసరి మహారాజు వచ్చాడు.

మహారాజు మంచివాడే. కాకపోతే ముప్పై రెండు బిరుదులున్నాయి. ఆయన ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలన్నా ముందు ఘంటాకంఠ భట్టు నడిచి, ఆ ముప్పై రెండూ చదివి, "బహుపరాకు! బహుపరాకు!" అని అరవాలి. అది వంశాచారం. ఆకలేసి వంటింటి దాకా వెళ్ళేసరికి అన్నం చల్లారిపోయేది. అయినా ఆచారం ఆచారమే.

మహారాజు పడవ చుట్టూ తిరిగాడు. ఆ నల్లటి వీపు మీద చెయ్యి వేశాడు. "ఆహా" అన్నాడు. తర్వాత అడిగాడు, "ఇందులో మేము ప్రయాణం చేస్తే, మేము వస్తున్నామని సముద్రానికి ఎలా తెలుస్తుంది?"

"తెలియకూడదు ప్రభూ," అంది వరహాలమ్మ.

"తెలియకూడదా? బహుపరాకు లేకుండా చప్పుడు చెయ్యకుండా పోవడానికి మేమేమైనా దొంగలమా?"

"దొంగలు కారు, కాపలాదారులు."

మహారాజుకు కోపం వచ్చింది. అప్పటికప్పుడు ఆజ్ఞ అయిపోయింది. పడవ ముక్కుకొకటి, తోకకొకటి మనిషెత్తు రాగి బూరాలు బిగించాలి. లోపల భట్టు నోరు పెట్టి చదివితే మాట తీగ వెంట పోయి నీళ్ళలో మోగాలి. గడియకోసారి, ముప్పై రెండు బిరుదులూనూ.

వరహాలమ్మ రెండు చేతులూ జోడించింది. "ప్రభూ, ఇది డెబ్బై రెండు మంది ప్రాణం. ఆ బూరాలు నా చేత్తో బిగించలేను."

"అయితే ఇంకో చెయ్యి బిగిస్తుంది. ఏడు రోజులు గడువు. ఆ తర్వాత పడవ నీది కాదు, మిగతా మూడూ నువ్వు కట్టేదీ లేదు."

మర్నాడు కొలువులో పండితులంతా రాజుగారి మాటకు వంత పాడారు. శత్రువుకు కళ్ళుంటాయి గాని నీళ్ళలో చెవులెక్కడివని తేల్చేశారు. భట్టుగారైతే, తన గొంతు చేపలకు కూడా వినబడబోతోందని అప్పటికే మిరియాల కషాయం మొదలుపెట్టారు.

ఆ కొలువులో కొర్లయ్య అని ఒక ముసలి జాలరి ఉండేవాడు. ఆటుపోట్లూ, గాలివానలూ ముందుగా చెప్పడం అతని ఉద్యోగం. అంతమంది పట్టుపంచెల మధ్య ఉప్పు మరకల పంచెతో ఓ మూల కూర్చునేవాడు. పండితుల మాట విని కిసుక్కున నవ్వాడు.

"ఎందుకా నవ్వు?" అన్నాడు మహారాజు.

"ఏటీ లేదు బాబూ. నీళ్ళలో చెవులుండవంటే, మా తాత ఇన్నాళ్ళూ చేపలు దేనితో పట్టాడా అనిపించింది."

"దేనితో పట్టాడు?"

"తెడ్డుతో బాబూ. తెడ్డు నీళ్ళలో దింపి, పిడికి చెవి ఆనిస్తే, గొరక చేపల మంద ఎక్కడ గుర్రు పెడతన్నాదో తెలుస్తాది. వల అక్కడ వేస్తాం."

కొలువంతా నవ్వింది. భట్టుగారు మరీ నవ్వారు. "కర్ర ముక్కతో వింటావుటోయ్! గోడకు చెవులుంటాయని విన్నాం గాని, తెడ్డుకు చెవులా!"

"తెడ్డుకి లేవు భట్టుగారూ, నాకున్నాయి. బాబూ, ఒక్క మనవి. బూరాలు చిల్లులు పెట్టి బిగించక ముందు, తాళ్ళతో కట్టి చూడండి. తమరు అఖాతంలో మునిగి దాక్కోండి. నా తెప్పా, నా తెడ్డూ. మూడుసార్లు కనిపెడతాను. ఒక్కసారి తప్పినా, ఈ బతుకున్నన్నాళ్ళూ భట్టుగారి వెనక తాంబూలం పళ్ళెం మోస్తాను."

"కనిపెడితే?"

"బూరాలు ఊడదీయించండి. ఆ అమ్మ పడవ ఆ అమ్మకిచ్చేయండి."

మహారాజుకు పందెమంటే సరదా. సరేనన్నాడు.

మూడో రోజు పొద్దున్నే ఊరంతా ఒడ్డుకొచ్చింది. పడవ పైమూత తీశారు. కిరీటం ఆ కంతలో పట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మహారాజు కిరీటం తీసి, తల వంచి, నిచ్చెన దిగాడు. వెనకే వరహాలమ్మ, భట్టుగారు. మూత పడింది. అంత పెద్ద పడవ ఒక్క బుడగైనా లేవకుండా నీళ్ళలోకి జారిపోతుంటే, ఒడ్డున జనం మునివేళ్ళ మీద లేచి చూశారు. కాసేపటికి అక్కడ ఉత్త నీళ్ళు.

అఖాతం వెడల్పు రెండు ఆమడలు. కొర్లయ్య తెప్ప మీద చతికిలబడి, తెడ్డు దింపి, కళ్ళు మూసుకున్నాడు. గుడ్డ చుట్టిన రాయి ఒకటి తాడుకు కట్టి పక్కన పెట్టుకున్నాడు. కాస్త ఉత్తరానికి తోశాడు, ఆగాడు, విన్నాడు. మళ్ళీ తూర్పుకు తోశాడు.

లోపల భట్టుగారు ఇరవై నాలుగో బిరుదులో ఉండగా, నెత్తి మీద 'దబ్' మని చప్పుడైంది. గుడ్డ రాయి!

"కాకతాళీయం," అన్నాడు మహారాజు. "ఇంకో చోటికి పోనివ్వండి."

ఇంకో చోట బహుపరాకు మొదలై ఇరవయ్యో బిరుదు దాటిందో లేదో, దబ్! మూడోసారి అఖాతం కొసన, నలభై బారల లోతున దాక్కున్నారు. ఈసారి భట్టుగారు బిరుదులు పూర్తి చేసి ఊపిరి పీల్చుకునేదాకా కొర్లయ్యే మర్యాదగా ఆగినట్టుంది. అప్పుడు పడింది, దబ్!

పడవ పైకి తేలి రేవుకొచ్చింది. మహారాజు మొహం కందగడ్డ. "నీకెవరో ముందే చెప్పారు!"

"చెప్పారు బాబూ. తమరే చెప్పారు," అన్నాడు కొర్లయ్య చుట్ట ఆర్పుతూ. "మొదటి చోట పదకొండో బిరుదు కాడ భట్టుగారికి దగ్గొచ్చింది. రెండో చోట పంతొమ్మిదోది మరిచిపోయి ఇరవైకి ఎగిరిపోయారు. మూడో చోట చివర్న ఎవరో మంచినీళ్ళడిగారు."

మహారాజు భట్టు వైపు తిరిగాడు. "పంతొమ్మిదోది ఎగరగొట్టావా?"

భట్టుగారి కషాయం గొంతులో అడ్డం పడింది. పక్కనే కూర్చున్న రాజుగారు కూడా పట్టలేదు ఆ తప్పు! రోజూ వినేది కదా, ఎవరు వింటారు?

"ఒక ముసలోడు ఒక కర్రతో ఇంత విన్నాడు బాబూ," అన్నాడు కొర్లయ్య మెల్లగా. "అవతలి రాజుకి వంద ఓడలు. ఓడకొక చెవి ఉండదా? నాను వేసింది గుడ్డ రాయి. ఆళ్ళు ఏటి వేస్తారో..."

ఒడ్డున ఒక నావికుడి భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మహారాజు అది చూశాడు. కాని అభిమానం ఊరుకోదు కదా. "మాట ప్రకారం బూరాలు విప్పిస్తాం. కాని మాకో సందేహం. నీ చెవి మంత్రాల చెవి. బూరాలు లేకపోయినా కనిపెడతావు. అప్పుడు తప్పు బూరాలది కాదని తేలుతుంది, మళ్ళీ కట్టిస్తాం."

"తప్పకుండా చూడండి బాబూ. కాని నన్ను నమ్మొద్దు. బూరాలు పోవాలని నాకుంది కాబట్టి, వినబడినా వినబళ్ళేదనేస్తాను. భట్టుగారిని తెప్ప ఎక్కించండి. తెడ్డు ఆయన చేతికే ఇస్తాను. ఎలా వినాలో నేర్పుతాను. పడవ దొరకాలని ఆయనకున్నంత ఆశ ఈ లోకంలో ఎవరికుంటాది?"

భట్టుగారు ఎగిరి గంతేశారు. "రాగభేదాలు విన్న చెవులివి!" అని పట్టుపంచె ఎగ్గట్టుకుని తెప్ప ఎక్కారు.

మధ్యాహ్నం పడవ మళ్ళీ మునిగింది. ఈసారి బూరాలు లేవు, బహుపరాకు లేదు.

లోపల మహారాజు అగ్నిబాణాల వరస పక్కన ఒక చిన్న పీట మీద కూర్చున్నాడు. ఎవరూ మాట్లాడలేదు. నావికులు గుడ్డ చెప్పులతో ఆవులించినంత చప్పుడు కూడా లేకుండా తిరుగుతున్నారు. వంటవాడు కర్రగరిటెతో పప్పు కలుపుతున్నాడు. మహారాజుకు ముందు భయమేసింది. తన ముందు ఎవరూ అరవకపోతే తను అక్కడ ఉన్నాడో లేడో ఆయనకే తెలియలేదు. తర్వాత, లోపల ఏదో తట్టినట్టయింది. అదేమిటా అని చూసుకుంటే, తన గుండె. నలభై ఏళ్ళుగా కొట్టుకుంటున్న గుండెని ఆయన విన్నది ఆనాడే.

వరహాలమ్మ ఆయన చెయ్యి మెల్లగా పట్టి, ఇనుప గోడకు చెవి ఆనించమని సైగ చేసింది.

ఆనించాడు. సముద్రం వినబడింది. వేడి నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు. "రొయ్యలు," అని పెదవులతో చెప్పింది. ఆ చిటపటకు అవతల, ఎక్కడో ఎంతో దూరాన, పొడుగ్గా, ఏడుపూ కాదు పాటా కాదు, ఒక గొంతు లేచింది. "తిమింగలం." ఆ గొంతుకు ఇంకో గొంతు బదులు చెప్పింది. మహారాజు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత పెద్ద కొలువు నీళ్ళ కింద నడుస్తుంటే, తను ఇన్నాళ్ళూ తలుపు మూసుకుని తన పేరే వింటూ కూర్చున్నాడు.

"వీళ్ళకు ఎప్పుడూ ఇంతేనా?" అని గుసగుసగా అడిగాడు.

"ఎప్పుడూ ఇంతే ప్రభూ. ఎక్కడికి వెళ్ళామో ఇంటికి వెళ్ళాక ఆలికి కూడా చెప్పరు."

"మరి వీళ్ళను ఎవరు పొగుడుతారు?"

"పొద్దున లేచి ఊరు ఊరులాగే ఉంటే, అదే ప్రభూ."

మహారాజు మళ్ళీ గోడకు చెవి ఆనించాడు.

పైన భట్టుగారు తెడ్డు పిడికి చెవి నొక్కి నొక్కి, చెవి వాడిన తమలపాకులా కమిలిపోయింది. రొయ్యలు విన్నారు, గొరకలు విన్నారు, సొంత కడుపులో పొద్దున తిన్న ఇడ్లీల సంగతి విన్నారు. ఉత్తరం పోనిమ్మన్నారు, దక్షిణం పోనిమ్మన్నారు. కొర్లయ్య ఓపిగ్గా తెప్ప నడిపాడు. పొద్దు వాలింది.

"ఇక్కడ ఒట్టి సముద్రమే ఉందోయ్!" అన్నారు భట్టుగారు విసుగ్గా. "పడవే లేదు! తిరిగి రేవుకు పోయినట్టున్నారు."

ఆ మాట నోట్లో ఉండగానే, తెప్పకు పది బారల దూరంలో నీళ్ళు నల్లబడ్డాయి. నల్లదనం కొండలా లేచింది. నీళ్ళు రెండు పక్కలా జారిపోతూ, గూఢమకరం ఆకాశంలోకి తల ఎత్తింది. భట్టుగారు "అమ్మోయ్!" అని తెడ్డుతో సహా సముద్రంలో పడ్డారు. ఆ కేక రేవుదాకా వినబడిందట, బూరా లేకుండానే.

పైమూత తెరుచుకుంది. మహారాజు తల బయటపెట్టాడు, కిరీటం లేదు, జుట్టు చెదిరి ఉంది. "కొర్లయ్యా! మీ తెప్ప కిందనుంచే రెండుసార్లు పోయాం! ఓడిపోయారు!"

"ఓడిపోయాం బాబూ," అన్నాడు కొర్లయ్య, భట్టుగారిని జుట్టుపట్టి పైకి లాగుతూ. "పొద్దున నాను గెలిస్తే నా పానం ఉసూరుమంది. ఇప్పుడు చిత్తుగా ఓడిపోయాను, ఈ రేత్రి కంటినిండా నిద్దరపోతాను."

మహారాజు పకపకా నవ్వాడు. నవ్వుతూనే, తను గెలిచిన పందెంలో తన బూరాలే పోయాయని అర్థమై మరింత నవ్వాడు. బూరాలు కరిగించి నావికుల ఇళ్ళకు రాగి బిందెలు చేయించమన్నాడు. మిగతా మూడు పడవలూ వరహాలమ్మే కట్టాలనీ, నీళ్ళ మీదా నీళ్ళ కిందా తనకు బహుపరాకు అక్కర్లేదనీ అక్కడే ఆజ్ఞ ఇచ్చాడు.

మర్నాడు నిండు కొలువులో కొర్లయ్యను పిలిచి, చేతికి బంగారు కడియం తొడిగాడు. "నీకొక బిరుదు ఇస్తున్నాం," అన్నాడు. కొలువంతా చెవులు రిక్కించింది. మహారాజు సింహాసనం దిగి వచ్చి, వంగి, ఆ బిరుదును కొర్లయ్య చెవిలో మాత్రమే చెప్పాడు. కొర్లయ్య మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

బిరుదులన్నీ రాసుకునే పెద్ద పుస్తకం భట్టుగారి దగ్గరే ఉంటుంది. ఆయన ఉండబట్టలేక, కమిలిన చెవి తడుముకుంటూ, గంటం పట్టుకుని వెంటపడ్డారు. "ఏమిటోయ్ ఆ బిరుదు? నేను రాసుకోవాలి కదా!"

"రాసుకోండి భట్టుగారూ," అన్నాడు కొర్లయ్య. "ముందు నా పేరు రాయండి. రాశారా? ఆ పక్కన కొంచెం ఖాళీ వదిలేయండి."