పలకని మెట్టు

కెజియా వేళ్ళు ఇంట్లో ఒకలా, మాస్టారి ఇంట్లో ఒకలా పనిచేసేవి.

ఇంట్లో తన చిన్న కీబోర్డు మీద ఏ పాఠమైనా మంచినీళ్ళ ప్రాయంగా వచ్చేది. శనివారం బస్సెక్కి గుంటూరు వచ్చి, ఆశీర్వాదం మాస్టారి పాత పియానో ముందు కూర్చుంటే అదే పాఠం రెండో పేజీలోనే ఆగిపోయేది. వేళ్ళతో నొక్కే ఆ పియానో మెట్లు బరువు. ఆ బరువు ఆమె వేళ్ళకు వారానికి ఒక్క గంటే తెలుసు. మిగతా ఆరు రోజులూ ఇంట్లోని తేలిక మెట్లు ఆ గంటను మరిపించేసేవి.

మూడు నెలల్లో ఆమె ఒక సంగీత పాఠశాలలో టీచరు ఉద్యోగానికి పియానో వాయించి చూపించాలి. వాళ్ళ పల్లెలో అంతవరకూ వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే చర్చికి కొత్త కీబోర్డు కొనాలనుకున్న సంఘ పెద్దలు, ఎంచే పని ఆమెకే అప్పజెప్పారు. వాయించేదీ ఆమే, ఇంట్లో ఉంచుకునేదీ ఆమే. ఆదివారం చర్చిలో అది ఆర్గనులా వయొలిన్లలా మోగాలి, మిగతా రోజులు ఆమె సాధనకు పియానోలా ఉండాలి. తప్పుది ఎంచుకుంటే ఉద్యోగం సంగతి ఇక మరిచిపోవచ్చు.

ఇంకొకరైతే భయపడేవారు. కెజియా నెల రోజులు ఫోనులో వీడియోలు చూసి ఒక నోటుబుక్కు నింపింది. ఏ కీబోర్డులో ఎన్ని వాద్యాల టోన్లు, తాళానికి ఎన్ని రిథమ్‌లు, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. మాస్టారికి కూడా అన్ని తెలియవని ఆమెకో చిన్న గర్వం. పాపం, అది నిజమే.

ఆశీర్వాదం మాస్టారు నలభై ఏళ్ళుగా పియానో నేర్పుతున్నారు. ఆయన పాఠంలో మాటలు తక్కువ. శిష్యులు చెడగొడితే లేచి కిటికీ మూసేవారు. బాగా వాయిస్తే తెరిచేవారు. ఆ కిటికీ తెరిపించాలని ఏళ్ళకేళ్ళు కష్టపడినవాళ్ళు నాకు తెలుసు.

“మీరు ఊరికే తోడు రండి మాస్టారూ, నేను చూసుకుంటాను,” అంది కెజియా. ఆయన చొక్కా మార్చుకుని వచ్చారు.

ఖాదర్ వలీ గారి వాద్యాల కొట్టులో గోడవారగా నాలుగు కీబోర్డులు స్టాండ్ల మీద ఉన్నాయి. కెజియా ఏం కావాలో చెప్పింది. ఆయన నవ్వారు.

“అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటున్నావమ్మా. చూడు, నీ ఓపిక.”

ఆమె మొదటి దాని ముందు నిలబడి వయొలిన్లు మోగించింది. రెండో దాని మీద వేణువు, సితారు, వెనక తబలా. మూడో దాని మీద చర్చి పాట మొదలుపెట్టి, ఒక్కో చరణానికి ఒక్కో టోను మార్చింది. ఎక్కడా తడబాటు లేదు. గిటారు తీగల కోసం వచ్చిన ఇద్దరు మనుషులు పని మరిచి నిలబడిపోయారు. నిజం చెప్పొద్దూ, పిల్ల చేతిలో విద్య ఉంది.

“నాలుగోది?” అన్నారు మాస్టారు.

“అందులో టోన్లు చాలా తక్కువండీ. ఆర్గనూ వయొలిన్లూ ఉన్నాయి గానీ రిథమ్ అసలు లేదు. పైగా ఎంత బరువో! మూడోదే తీసుకుందాం.”

మాస్టారు ముందుకు వచ్చారు. మొదటి కీబోర్డు దగ్గరికి వెళ్ళి ఒక మెట్టు మీద చూపుడువేలు ఆనించారు. నిద్రపోయే పసిబిడ్డ చేతికింద నుంచి బొమ్మ తీస్తున్నంత నెమ్మదిగా దాన్ని కిందికి నొక్కారు. కీబోర్డు గట్టిగా మోగింది.

రెండోదీ అలాగే నొక్కారు. మోగింది. మూడోదీ మోగింది, కొంచెం చిన్నగా.

నాలుగోది నొక్కారు. మెట్టు అడుగుదాకా దిగింది. చప్పుడు లేదు. ఇంకోటి నొక్కారు. అదీ అంతే.

ఖాదర్ గారు కంగారుగా వచ్చి వెనక వైరు చూశారు. “కరెంటు ఉందండీ మాస్టారూ! పొద్దున కూడా బ్రహ్మాండంగా మోగింది!”

మాస్టారు అదే మెట్టును మామూలుగా తాకారు. నిండుగా పలికింది.

“దీంట్లో ఏం దోషం లేదండీ,” అని, కెజియా వైపు తిరిగారు. “నొక్కితే అరిచేవి కొట్టు నిండా ఉన్నాయమ్మా. మన పియానోలాగా, నొక్కినా ఊరుకోగలిగేది ఇదొక్కటే కనపడింది. నువ్వొకసారి చూడు.”

ఇదీ ఒక పరీక్షేనా అనుకుంది కెజియా. వేలు ఆనించి నొక్కింది. ఠంగుమంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ మోగింది. అప్పటిదాకా వేలు పెడితే చాలు, పాట వచ్చేది. ఇప్పుడు ఒక్క మెట్టును మోగకుండా దించడం ఆమె వల్ల కావడం లేదు. చెవులు ఎర్రబడ్డాయి. చూస్తున్న ఇద్దరూ తల తిప్పుకున్నారు.

మాస్టారు పక్కనున్న స్టూలు లాగి ఆమె వెనక పెట్టారు. తొందరేమీ లేదన్నట్టు తానూ ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నారు. ఎంతటి గురువో అని నాకనిపించేది ఇక్కడే.

ఎన్నిసార్లు నొక్కిందో ఆమె లెక్కపెట్టలేదు. భుజం దించింది. ఊపిరి బిగబట్టడం మానేసింది. ఒకసారి మెట్టు కింద ఉన్న బరువు వేలికి తగిలింది, ముంజేతి దాకా తెలిసింది. ఆ బరువును తొయ్యకుండా, దాంతోపాటే కిందికి దిగింది.

మోగలేదు.

“ఇప్పుడు కాస్త పలకనివ్వు. కాస్తే,” అన్నారు మాస్టారు.

కెజియాకు ఏదో గుర్తొచ్చి తల ఎత్తింది. “మాస్టారూ, దీంట్లో రిథమ్ లేదు కదండీ. ఆదివారం తాళం ఎవరు వేస్తారు?”

“మీ డోలక్ ఏలియా బతికే ఉన్నాడుగా?”

ఆమెకు నవ్వొచ్చింది. రిథమ్ కీబోర్డు వచ్చాక ఏలియాను ఎవరూ పిలవలేదు. ఆయన ఆరేళ్ళుగా చర్చిలో వెనక బెంచీలో చేతులు ముడుచుకుని కూర్చుంటున్నాడు.

ఆమె మళ్ళీ వేలు ఆనించింది. ఈసారి ఒక స్వరం వచ్చింది. అంత చిన్న స్వరం ఆమె తన జన్మలో వాయించలేదు. దాని పక్కనే ఇంకోటి, ఆ పైన ఇంకోటి. తెలిసిన పాటే, మొదటి వరుస మాత్రం. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు.

వరుస అయిపోయాక ఖాదర్ గారు దగ్గరికి వచ్చారు. పాతికేళ్ళుగా ఆ వాద్యాల మధ్యే బతికిన మనిషి, కీబోర్డు మీది బొత్తాల వైపు వంగి వంగి చూశారు.

“ఏ టోనమ్మా అది? నేనెప్పుడూ వినలేదే!”

“ఆవిడ వేలండీ,” అన్నారు మాస్టారు.