మెట్టు మీది గంధం

మీరావలికి ఆ రోజు రెండు వైపులా వాయింపు తగిలింది.

వాతావరణ కేంద్రంలో గాలి ఒత్తిడి కొలవడం అతని ఉద్యోగం. సముద్రం ఒడ్డున దర్గా చూసుకునే కరీముల్లా షా గారికి శిష్యుడు కూడా. పొద్దున్నే ఒత్తిడి దారుణంగా పడిపోయింది. సాయంత్రానికి తుఫాను తీరం దాటుతుంది, పల్లెపాలెం ఖాళీ చేయాలి. ఆ కబురు చెప్పడానికి సైకిలేసుకుని బయల్దేరుతుంటే, పక్క బల్ల వరదరాజు నవ్వాడు.

"వెళ్ళు, వెళ్ళు. ఇవాళ మీ దర్గా కొట్టుకుపోతుంది. దేవుడు లేడని సైన్సు తేల్చేస్తుంది."

పాలెంలో ఊరిపెద్ద పోలయ్య సరిగ్గా తిరగేసి చెప్పాడు. "దర్గా నిలుస్తది. దేవుడున్నాడని మీ ఆఫీసోళ్ళకి తేలిపోద్ది. మేం కదిలేది లేదు."

అదీ సంగతి. ఎనభై గడపల జనం, చంకలో పిల్లలతో సహా, దర్గా ముందు కూర్చుని సముద్రాన్ని చూస్తున్నారు. వాళ్ళేం పిచ్చివాళ్ళు కాదు. ముప్పై ఏళ్ళ కిందటి తుఫానులో నీళ్ళు దర్గా మూడో మెట్టు దాకా వచ్చి ఆగిపోయాయి. ఏటా ఉరుసుకి ఆ మెట్టుకి గంధం పూస్తారు. అలాంటి మెట్టు మీద కూర్చుని మునిగిపోతామని ఎవరనుకుంటారు?

మీరావలి లోపలికి పరిగెత్తాడు. షా గారు పీరు సమాధి దగ్గర ఊదొత్తులు వెలిగిస్తున్నారు.

"బాబా, వాళ్ళు నా మాట వినడం లేదు. యంత్రాన్ని నమ్మితే దేవుణ్ణి కాదన్నట్టేనా? ఇక్కడే ఉంటే మాత్రం పోతారు బాబా. అందరూ పోతారు."

షా గారు ఊదొత్తి గుచ్చి బయటికొచ్చారు. అందరి ముందూ అడిగారు.

"మీరా, ఆనాడు నీళ్ళు ఇక్కడెందుకు ఆగాయి?"

మీరావలి తటపటాయించాడు. "అప్పుడు ముందర ఇసుక దిబ్బ ఉండేది బాబా. దాని మీద సరుగుడు తోపు. రొయ్యల చెరువుల కోసం రెండూ తీసేశారు."

పోలయ్య చివాలున లేచాడు. "అంటే ఏందబ్బాయా? పీరు ఆపలేదంటావా?"

"పీరు ఆపారో, దిబ్బ ఆపిందో, దిబ్బని అడ్డం పెట్టి పీరే ఆపారో, నాకు తెలీదు పోలయ్యా," అన్నారు షా గారు. "దిబ్బ మాత్రం ఇప్పుడు లేదు."

"లేకపోతే లేకపాయె. మీరుండగా మాకేం భయం సామీ?"

"నేనుండటం లేదుగా."

అని సమాధి వైపు తిరిగి సలాం చేశారు. పోలయ్య కోడలు నిండు చూలాలు. మూటొకటి ఒళ్ళో పెట్టుకుని ఆ గంధం మెట్టు మీదే కూర్చునుంది. షా గారు ఆ మూట తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నారు.

"లే తల్లీ. తుఫాను షెల్టరు రెండు మైళ్ళు. నువ్వు మెల్లిగా నడవాలి. నేనూ మెల్లిగానే నడుస్తాలే."

"సామీ, మీరే పోతే ఇంక దేవుడున్నాడని ఎట్టా తేలేది?" పోలయ్య ఏడుపు ఒక్కటే తక్కువ.

"నీ ఇంటి బిడ్డల్ని పణం పెట్టి తేల్చమని ఆయన నన్నడగలేదు!"

షా గారు గొంతు పెంచడం మీరావలి వినడం అదే మొదలు.

డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలాయన నెత్తిన మూటతో నడిచిపోతుంటే ఎవరు మాత్రం కూర్చోగలరు? ముందు ఆడవాళ్ళు లేచారు. వెనకాల పిల్లలు. ఆఖరికి పోలయ్య కూడా సణుక్కుంటూ వచ్చి, ఆయన నెత్తి మీది మూట లాక్కుని మోశాడు.

తెల్లారేసరికి పాలెం నీళ్ళలో ఉంది. మనుషులంతా షెల్టరు మేడ మీద ఉన్నారు. మీరావలి గడపల వారీగా పేర్లు పిలిచి చూసుకున్నాడు. ఒక్కరూ తగ్గలేదు. సంతోషం పట్టలేక ఓ మూలకి పోయి ఏడ్చాడు.

కాసేపటికి వరదరాజు నడుంలోతు నీళ్ళలో బియ్యం మూట మోసుకొచ్చాడు. మీరావలిని కావలించుకున్నాడు. గంజి పొయ్యెక్కింది. ఊపిరి తీసుకోగానే వరదరాజు మొదలెట్టాడు.

"దర్గా గోడ పడిపోయింది, చూసొచ్చాను. ఇంకేం, తేలిపోయినట్టేగా?"

"ఏంది తేలేది?" పోలయ్య మీదికొచ్చాడు. "ఒక్క ప్రాణం పోలా. దేవుడున్నాడనడానికి ఇది చాలదా?"

"మా యంత్రం చెప్పబట్టి బతికారయ్యా!"

"ఆ యంత్రం మాట మోసుకొచ్చినోడు మా సామి శిష్యుడు కాదా?"

ఇద్దరూ ఒక్కసారే మీరావలి వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. రెండు పక్కలా ఉన్నోడివి నువ్వేగా."

మీరావలి నోరు తెరిచాడు.

"అయ్యా," పొయ్యి దగ్గర్నించి షా గారు పిలిచారు. "గంజి కాగింది. మీరిద్దరూ చెరో చెవి పట్టుకుని ఈ గుండిగ దించండి. పిల్లలు నిన్నట్నించీ ఏమీ తినలేదు."

పోలయ్య ఒక చెవి పట్టుకున్నాడు. వరదరాజు ఇంకోటి పట్టుకున్నాడు.

మీరావలి తెరిచిన నోరు మూసుకుని, పళ్ళేలు కడగడానికి వెళ్ళాడు.